తేరుకోవడం

కనిగిరి దాటి పామూరు రోడ్డులో
పొగాకు బ్యారన్ ఒకటి, పొగ మానేసి ఆరేళ్లయింది.
అందులోనే మా గానుగ, మా ల్యాబు,
రెండు స్టీలు డ్రమ్ములు, ఒక బల్ల, నేను.

చైత్రం ఎండకి కానుగ కాయలు
గలగలమని రాలతాయి.
మాలకొండమ్మ గోతాంలో మోసుకొచ్చి
కర్రతో కొట్టి పప్పు తీసి
కిలోకింతని లెక్క చెప్పి
నాకేసి చూస్తుంది:
"ఏందమ్మే, మెడ అట్టా నల్లబడింది?"

చున్నీ సర్దుకుంటాను.

ఒంగోలు స్కానింగులో
డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి చూపింది.
అండాశయం అంచున వరసగా
చిన్న చిన్న నల్లటి చుక్కలు.
"ముత్యాల సరంలా ఉంటుంది" అంది.
నాకు మాత్రం
పండాల్సిన రోజు మర్చిపోయి
చెట్టునే ఉండిపోయిన కానుగ కాయలు కనిపించాయి.

అప్పటికి డెబ్భై మూడు రోజులు.
గడ్డం కింద దారంతో లాగించుకున్న వెంట్రుకలు
మళ్లీ మొలవడానికి మాత్రం
ఏనాడూ వారం వర్జ్యం తప్పింది లేదు.

మందు రాస్తూ రాస్తూ కలం ఆపి
"ఇది పోగొట్టుకునే జబ్బు కాదమ్మా, నడుపుకునే జబ్బు" అంది.
నడవమంది. అన్నం తగ్గించమంది.
పదింటికల్లా ఫోను పక్కన పెట్టి పడుకోమంది.
ఐదు కిలోలు తగ్గినా చాలంది.
ఐదు కిలోలంటే
మాలకొండమ్మ పూటంతా కొడితే వచ్చే పప్పు.

కానుగ నూనె మొండిది. పులుపెక్కువ.
తొందరపడి సోడా పోస్తే
డ్రమ్ముడ్రమ్మంతా సబ్బవుతుంది.
మొదటి నెల నేను చేసింది అదే,
నూనెతోనూ, ఒంటితోనూ.
మూడు రోజులు పస్తు.
నాలుగో రోజు బస్టాండులో నిలబడి పన్నెండు బోండాలు.
అద్దంలో ఏడుపు,
డ్రమ్ములో నురగ.

ముందు ఆ పులుపుని విరవాలి,
అరవై డిగ్రీల దగ్గర, అంతకు మించకుండా.
తర్వాత స్పిరిటు, సోడా.
ఆ తర్వాత చేయాల్సిన పని
ఏమీ చేయకపోవడం.
రాత్రంతా కదపకుండా వదిలేస్తే
బరువైనదంతా ముదురు గోధుమ రంగులో అడుక్కి దిగి
పైన తేనెరంగు తేట నిలుస్తుంది.
తేరుకుంది అంటాం.
జొరం తగ్గి మంచం దిగిన మనిషిని కూడా
అదే మాటంటాం.

ఇప్పుడు తెల్లారకముందే
మాలకొండమ్మతో కాయలేరడానికి పోతున్నాను.
ఈ నీళ్లు తాగి తాగి
ఆమె మోకాళ్లు వంగవు.
నేను వంగి ఏరతాను, ఆమె గోతాం పట్టుకుంటుంది.
డాక్టరమ్మ చెప్పిన ముప్పావుగంట
పెద్ద కల్వర్టు దగ్గర అయిపోతుంది,
కాయలు మాత్రం అవ్వవు.

మధ్యాహ్నం డబ్బా విప్పితే కొర్రన్నం.
మా అమ్మమ్మ ఇంట్లో అది లేమి.
నాకు చీటీ మీద రాసిన మందు.
మాలకొండమ్మ ఒక ముద్ద తిని నవ్వింది:
"వరన్నం కోసం ఏడ్చినోళ్లం మేము."

మీ రోజుల్లో ఇది ఉండేదా అనడిగాను.
"నెల తప్పితే దేవుడిచ్చాడనే వోళ్లు.
ఎప్పటికీ నెల నిలవకపోతే
దేవుడు రాయలేదనే వోళ్లు.
దినాలు లెక్క రాసిందెవురు?"

నేను రాస్తున్నాను.
బ్యాచి నంబరు, తేదీ, నూనె, పులుపు, దిగుబడి.
పక్క ఖాళీలో ఎర్ర పెన్నుతో నావి:
డెబ్భై మూడు. అరవై ఒకటి.
ఒకటి కొట్టేశాను.
నలభై ఎనిమిది.

మా ఓనరు వెంగళరెడ్డి రిజిస్టరు తిప్పుతూ
"ఈ ఎర్రంకెలేంది, నష్టమా?" అన్నాడు.
తేరుకోడానికి పట్టిన రోజులు సార్, అన్నాను.
"ఇన్ని రోజులా!" అని
దిగుబడి కాలమ్ కేసి వెళ్లిపోయాడు.

నిన్న శనగచేలో మా నూనెతో ఇంజను వేశారు.
రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది.
పొగ చేదుగా, కాలిన కాకరకాయ వాసన.
పైపు నోట్లోంచి ముందు గాలి,
తర్వాత బురద, చాలాసేపటికి నీళ్లు.
అందరూ చప్పట్లు కొడుతుంటే
నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాను.

ఈరోజుకి ముప్పై తొమ్మిది.
ఇంకా రాలేదు.
పొత్తికడుపులో ఏదో నొప్పి,
అదో, అటుకుల ఉప్మానో తెలియదు.

తాళం వేసేముందు
తేరుకుందేమో చూద్దామని డ్రమ్ము మూత మీద చెయ్యి వేశాను.
తీయలేదు.
సాయంత్రమే కదా పోసింది.
కదపకూడదు.